2006 స్ప్లెండర్ ప్లస్‌కి వెనక షాకబ్జర్లు మార్చాలి, ఏవి వేయించమంటారు?

అల్లవరం చెరువులు

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ, అల్లవరం మండలం, సముద్రానికి దగ్గర. బండి హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, 2006 మోడల్, ఏపీ 05 నంబరు. నాన్నగారు కొన్నది, ఆయన ఇప్పుడు లేరు, అందుకని అమ్మడం అనే మాట మా ఇంట్లో లేదండి. 15 ఏళ్ళు నిండాక ఆర్‌సీ కూడా ఇంకో 5 ఏళ్ళకి రెన్యువల్ చేయించాం. ఇంజను బంగారంలా ఉంది, చలికాలం పొద్దున్న కూడా ఒక్క కిక్కుకి స్టార్టయిపోతుంది.

బాధంతా వెనక షాకబ్జర్లతోనండి. కుడి పక్కది ఆయిల్ కారిపోతోంది, కింద గొట్టం మీద దుమ్మూ ఆయిలూ కలిసి నల్లగా ముద్దలా పట్టేసి ఉంటుంది, గుడ్డ పెట్టి తుడిచినా రెండ్రోజుల్లో మళ్ళీ అంతే. ఎడమది కారట్లేదు గానీ స్ప్రింగు తుప్పెక్కి పెచ్చులు రాలుతోంది. నేను రోజూ ఇంటి దగ్గర్నుంచి చెరువుల దాకా ఆరు కిలోమీటర్లు మేత బస్తాలేసుకుని వెళ్తాను, అందులో సగం తారు రోడ్డు, మిగతా సగం డ్రెయిన్ గట్టూ చెరువు గట్టూనూ. రొయ్య మేత బస్తా 25 కిలోలు, మామూలుగా రెండేస్తాను, పని తొందరలో ఉంటే మూడు. బస్తాలతో గోతిలో పడిందంటే వెనకాల టక్కుమని ఇనుముని ఇనుముతో కొట్టినట్టు చప్పుడు, నడుం దగ్గర్నుంచి మెడ దాకా జివ్వుమంటుంది. మడ్‌గార్డు లోపల చూస్తే టైరు రాసుకుని రెండు వేళ్ళ వెడల్పున పెయింటు పోయి రేకు తళతళా మెరుస్తోంది.

బస్తాలు లేనప్పుడు అమ్మని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళేది కూడా దీని మీదే. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. దూరంగా స్పీడు బ్రేకరు కనపడగానే నా భుజం గట్టిగా పట్టేసుకుంటుంది, అది చూశాకే ఇంక ఆలస్యం చేయకూడదు అనుకున్నా.

అమలాపురంలో మూడు షాపులు తిరిగాను, ఒక్కొక్కళ్ళు ఒక్కో మాట చెప్పారు. ఒకాయన పాతవే విప్పి సీలు మార్చి కొత్త ఆయిల్ పోసి ఇస్తా, అన్నిట్లోకీ అదే చవక అన్నాడు. ఇంకో ఆయన ఏం ఆలోచించకు, కంపెనీ మోడల్ జత వేసుకో అన్నాడు. మూడో షాపులో కుర్రాడు పక్కన ఎర్ర డబ్బా ఉన్న గ్యాస్ షాకబ్జర్లు చూపించాడు, మామూలు జతకి దగ్గర దగ్గర రెట్టింపు రేటు, బస్తాలు మోసేవాళ్ళందరూ ఇవే పట్టుకెళ్తున్నారన్నా, రాయిలా నిలబడతాయి అంటున్నాడు. మా బావ ఏమో పల్సర్‌వి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి అవి పట్టించెయ్ అంటాడు. నాకు ఏదీ తేలట్లేదండి. డబ్బులు ఒకసారే పెడతాను, మళ్ళీ ఆరు నెలలకి ఇదే గొడవ రాకూడదు. ఇలాంటి పనికి వాడేవాళ్ళు, తెలిసిన మెకానిక్కులు కాస్త చెప్పండి.

రావులపాలెం మెకానిక్

తమ్ముడూ, ముందు కొనే సంగతి పక్కన పెట్టు. షాకబ్జర్లు పోయాయి అని వచ్చే బళ్ళలో చాలావాటికి ఇంకోటి కూడా పోయి ఉంటుంది, అది చూడకుండా కొత్తవి బిగిస్తే నెల తిరక్కుండా మళ్ళీ వస్తారు. సెంటర్ స్టాండ్ వేసి వెనకాల కూర్చుని చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడు. చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని ఫ్రేముకి కలిపే ఇనప చేతులు, అది కూడా కదులుతుంటే దాని బుష్‌లు అరిగాయి, చక్రం ఒక్కటే కదులుతుంటే బేరింగులు. చెరువు గట్ల మీద తిరిగే బళ్ళకి బుష్‌లు చాలా తొందరగా పోతాయి, ఉప్పు నీళ్ళు లోపలికెళ్ళి బోల్టు బుష్‌కి పట్టేసి, ఇప్పుదామంటే సుత్తి దెబ్బకి కూడా రాని బళ్ళు నా దగ్గరికి వస్తుంటాయి.

రెండోది, స్టాండ్ తీసి సీటు వెనక భాగం మీద బరువేసి గట్టిగా కిందికి నొక్కి వదిలెయ్. పైకి లేచి అక్కడే ఆగిపోతే ఆయిల్ పని చేస్తున్నట్టు. రెండు మూడు సార్లు ఊగితే లోపల ఏమీ లేదు, ఉత్త స్ప్రింగు మీద నడుస్తున్నావు. నువ్వు చెప్పిన దాన్ని బట్టి కుడి పక్కది అదే.

ఇక సీలు మార్చి ఆయిల్ పోసే సంగతి. నేను కూడా ఒకప్పుడు చేశాను, ఇప్పుడు మానేశాను. ముందు ఫోర్కులంటే విప్పడానికి వీలుగా ఉంటాయి, సీళ్ళు కొత్తవి దొరుకుతాయి, హాయిగా చేసుకోవచ్చు. వెనకవి అలా కాదు, ఈ మోడల్స్‌కి గొట్టం అంచుని కంపెనీలోనే వంచి మూసేస్తారు, దాన్ని కోసి మళ్ళీ వెల్డింగ్ పెడితే గానీ పని అవదు. అది చేసినా నీ బండికి ఉపయోగం ఉండదు, ఎందుకంటే సీలు ఊరికే పోలేదు. గొట్టంలోకి జారే రాడ్డు మీద క్రోమ్ పూత ఉప్పుకి చిల్లులు పడి ఉంటుంది, విప్పినప్పుడు గోరు పెట్టి రాడ్డు పొడుగునా గీకి చూడు, గరగరా తగులుతుంది. బండి ఊగిన ప్రతిసారీ ఆ గరుకు వెళ్ళి సీలుని కొరుకుతుంది. కొత్త సీలు వేసినా అదే రాడ్డు కదా, మూడు నెలలు కూడా రాదు.

పల్సర్‌వి వద్దే వద్దు. అది బరువైన బండి, స్ప్రింగు దానికి తగ్గట్టు ఉంటుంది, పొడవు వేరు, బుష్ రంధ్రం వేరు. వాషర్లు పెట్టి సర్దేసే వాళ్ళున్నారు, నేను మాత్రం చెయ్యను. పైగా సెకండ్ హ్యాండ్ షాకబ్జరు అంటే ఇంకొకళ్ళ గోతులన్నీ తిన్నది.

ఏది కొన్నా రెండూ ఒకేసారి మార్చు, ఎడమది బాగానే ఉందని ఉంచెయ్యకు. కొనేలోగా ఒక పని చేసి పెట్టు. టేపు తీసుకుని వెనక యాక్సిల్ నట్టు మధ్య నుంచి నిలువుగా పైన సీటు కింద ఏదో ఒక బోల్టు దాకా కొలువు, మొదట సెంటర్ స్టాండ్ మీద, తర్వాత నువ్వు కూర్చుని, తర్వాత బస్తాలతో. మూడు అంకెలు ఇక్కడ పెట్టు. టైరు ఏ సైజో కూడా రాయి.

మలికిపురం కొబ్బరి

బస్తాలకే అయితే టీవీఎస్ ఎక్సెల్ ఒకటి కొనేసుకోండి, మా కొబ్బరి దింపు వాళ్ళందరూ అవే వాడతారు, ముందు కాళ్ళ దగ్గర ఒక బస్తా వెనకాల ఒక బస్తా, బరువు రెండు పక్కలా సర్దుకుంటుంది. స్ప్లెండర్‌ని అమ్మగారిని తిప్పడానికి ఉంచుకోండి. కొనే వీలుంటేనే లెండి.

భీమవరం ఆక్వా

అన్నయ్య గారూ, మాది భీమవరం దగ్గర, మేమూ చెరువులే, ఆ ఎర్ర డబ్బా గ్యాస్ షాకబ్జర్లు నేను వేయించి తీసేసినవాణ్ణి కాబట్టి అది మాత్రం చెప్తాను. నాదీ స్ప్లెండరే. షాపులో పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తవి పాతవాటి కన్నా దాదాపు రెండు సెంటీమీటర్లు పొడుగున్నాయి, ఏం కాదు బండి ఎత్తుగా బావుంటది అన్నారు, నేనూ సరే అన్నాను. బిగించి ఇంటికొచ్చి సెంటర్ స్టాండ్ వేస్తే వెనక చక్రం నేల మీదే ఉంది, లేవట్లేదు, చైను సర్దాలన్నా గాలి చూడాలన్నా కింద చెక్క ముక్క పెట్టాల్సి వచ్చేది. సైడ్ స్టాండ్ వేస్తే ఎడమకి మరీ వాలిపోయేది, మెత్తటి గట్టు మీద రెండు సార్లు పడిపోయింది కూడా. అసలైన ఇబ్బంది వానాకాలం తెలిసింది. వెనకాల ఎత్తు పెరిగేసరికి హ్యాండిల్ మరీ తేలికగా తిరిగిపోవడం మొదలెట్టింది, బంకమట్టి గట్టు మీద గాడిలో పడితే నేను తిప్పకుండానే ముందు చక్రం దారి పట్టేసేది, ఒకసారి చెరువులోకి దిగిపోయినంత పనైంది.

రాయిలా నిలబడతాయి అన్నాడు కదా ఆ కుర్రాడు, అది నిజమేనండి, బస్తాలున్నప్పుడు బానే ఉంటాయి. ఖాళీగా వచ్చేటప్పుడు చూడాలి, రాయి మీద కూర్చున్నట్టే. చిన్న గులకరాయికి కూడా వెనక చక్రం గాల్లోకి లేచేది, బ్రేకు వేస్తే చక్రం ఆగిపోయి బండి పక్కకి జారేది. మీ అమ్మగారిని దాని మీద ఎక్కించుకోలేరు.

తీసేశాక మా ఊళ్ళో లేతు మిషన్ అతను ఆ డబ్బా కోసి చూపించాడు. లోపల ఏమీ లేదు. గొట్టానికీ డబ్బాకీ మధ్య దారే లేదు, అందానికి తగిలించారు అంతే. అన్నీ అలాంటివని అనను, మంచి కంపెనీల గ్యాస్‌వి ఉన్నాయి, అవి నిజంగానే పని చేస్తాయి. డబ్బా చూసి మాత్రం కొనకండి.

అల్లవరం చెరువులు

అందరికీ చాలా థాంక్సండి. రావులపాలెం అన్నగారు చెప్పినట్టు నిన్న సాయంత్రం కొలిచాను, మా తమ్ముడు టేపు పట్టుకున్నాడు. సెంటర్ స్టాండ్ మీద 51 సెంటీమీటర్లు. నేను కూర్చుంటే 47, నా బరువు 72 కిలోలు. వెనకాల క్యారియర్ మీద రెండు బస్తాలు వేసి కూర్చుంటే 44.5. మూడో బస్తా వేసి కూర్చున్నాను, 43 కి వచ్చి అక్కడ ఆగిపోయింది, తమ్ముడు పైనుంచి నొక్కినా ఇంక దిగలేదు. అంటే మూడు బస్తాలతో బండి నిలబడి ఉండగానే షాకబ్జరు అడుక్కి వచ్చేసిందనే కదండీ, గోతులకి ఇంక మిగిలిందేమీ లేదు. అంకెలు చూశాక నాకే భయమేసింది.

స్వింగ్ ఆర్మ్ కొంచెం కదులుతోంది, కుడికి ఎక్కువ. సీటు నొక్కి వదిలితే మూడు సార్లు ఊగింది. షాకబ్జరు స్ప్రింగు కింద తిప్పే రింగు మొదటి మెట్టు మీదే ఉంది, అది తిరుగుతుందని కూడా ఇప్పటిదాకా నాకు తెలీదు, తుప్పు పట్టేసి టూల్ కిట్‌లో కొక్కెం స్పానరుతో కూడా తిరగట్లేదు. టైరు కిందటేడు మార్చాను, 3.00-18 అని ఉంది, లావుగా ఉంటే బురదలో పట్టు బావుంటుందని షాపతను వేశాడు.

రావులపాలెం మెకానిక్

అదిగో తమ్ముడూ, నేను టైరు అడిగింది అందుకే. ఈ బండికి కంపెనీ ఇచ్చింది 2.75-18. 3.00 టైరు లావు ఒక్కటే కాదు ఎత్తు కూడా ఎక్కువ, మడ్‌గార్డుకి దాని మీద ఉండాల్సిన జాగా తగ్గిపోయింది. రేకు మెరుస్తోంది అన్నావే, అందులో సగం తప్పు షాకబ్జరుది కాదు. ఈ టైరుతో కొత్తవి బిగించినా పెద్ద గోతిలో మళ్ళీ రాసుకుంటుంది. అది అరిగేదాకా ఉంచుదాం అనుకోకు, ఇప్పుడే 2.75 వేయించు. గాలి కూడా చూసుకో, ఒక్కడివే అయితే వెనక 28 పీఎస్ఐ, వెనకాల మనిషో బరువో ఉంటే 41. చాలామంది ఎప్పుడూ 28 తోనే బస్తాలు మోస్తారు, టైరు సగం నొక్కుకుపోయి ఆ దెబ్బంతా షాకబ్జరు మీద పడుతుంది.

స్వింగ్ ఆర్మ్ బుష్‌లు కూడా ఇప్పుడే మార్పించు, ఎలాగూ అన్నీ విప్పుతారు.

రిటైర్డ్ ఆటోమొబైల్ మాష్టారు

బాబూ, మీ అంకెలు చాలా ఉపయోగపడ్డాయి, ఇలా కొలిచి అడిగేవాళ్ళు తక్కువ. నేను పాఠం చెప్పినట్టు చెప్తాను, ఓపికగా చదవండి.

షాకబ్జరు అని మనం ఒకే మాట అంటాం గానీ అందులో రెండు వేరే పనులు చేసే వస్తువులున్నాయి. బరువు మోసేది స్ప్రింగు. ఆయిల్ బరువు మొయ్యదు, ఒక్క కిలో కూడా మొయ్యదు, స్ప్రింగు ఊపుని ఆపడమే దాని పని. లోపల పిస్టనుకి సన్న రంధ్రాలుంటాయి, ఆయిల్ వాటిలోంచి దూరి వెళ్ళాలి కాబట్టి కదలిక నెమ్మదిస్తుంది. మీ బండి మూడు సార్లు ఊగడం ఆయిల్ పోయినందుకు. కూర్చోగానే 4 సెంటీమీటర్లు దిగిపోవడం స్ప్రింగు సంగతి. ఈ రెంటినీ కలిపేసుకుంటేనే గ్యాస్ వేస్తే బరువు మోస్తుంది అనే మాట పుడుతుంది. గ్యాస్ కూడా బరువు మొయ్యడానికి కాదు. గోతుల రోడ్డు మీద చాలాసేపు పోతే ఆయిల్ వేడెక్కి గాలితో కలిసి మజ్జిగ చిలికినట్టు నురగ కడుతుంది, నురగకి పిస్టను సులువుగా దిగిపోతుంది. నైట్రోజన్‌ని ఒత్తిడితో నింపితే ఆ నురగ కట్టదు. మీది ఆరు కిలోమీటర్ల దారి, ఆయిల్ వేడెక్కే లోపు మీరు చెరువు దగ్గర ఉంటారు. కాబట్టి గ్యాస్‌కి పెట్టే డబ్బు మీకు దండగ.

కింద మెట్ల రింగు గురించి. ప్లస్‌లో 5 మెట్లుంటాయి. అది పెంచితే స్ప్రింగు గట్టిపడుతుంది అనుకుంటారు, గట్టిపడదు. స్ప్రింగుని ముందే కాస్త నొక్కి పెడుతుంది, దానివల్ల బండి ఎత్తులో నిలబడి కిందికి దిగడానికి ఎక్కువ జాగా మిగులుతుంది. మీకు కావలసింది సరిగ్గా అదే. బస్తాల రోజున నాలుగో మెట్టు, అమ్మగారితో వెళ్ళేటప్పుడు రెండో మెట్టు, రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలి. కొత్తవి బిగించిన రోజే ఆ రింగుకి కాస్త గ్రీజు రాసి, నెలకోసారి అటూ ఇటూ తిప్పుతూ ఉండండి, లేకపోతే మీ ప్రాంతంలో మళ్ళీ పట్టేస్తుంది.

ఇక బరువు. ఈ బండికి కంపెనీ చెప్పిన మొత్తం బరువు, నడిపే మనిషితో కలిపి, 130 కిలోలు. మీరు 72, రెండు బస్తాలు 50, మొత్తం 122. సరిపోయింది. మూడో బస్తా పడితే 147. ఆ మూడో బస్తాకి తగిన షాకబ్జరు కోసం వెతకొద్దు, ఫ్రేమూ చక్రం పుల్లలూ బ్రేకులూ దానికి తగ్గట్టు చెయ్యలేదు కదా.

బస్తా ఎక్కడ పెడుతున్నారన్నది కూడా చూడండి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 1230 మి.మీ. మీ క్యారియర్ యాక్సిల్ దాటి వెనక్కి ఉంటుంది. రెండు బస్తాల బరువు యాక్సిల్‌కి ఓ 20 సెంటీమీటర్లు వెనక పడిందనుకుంటే, తూకం కాడి లెక్క వేస్తే వెనక చక్రం మీద పడేది 50 కాదు, 58. ఆ పైన 8 కిలోలు ముందు చక్రం మీంచి తగ్గిపోతాయి, అలాంటప్పుడు గట్టు మీద హ్యాండిల్ తేలిపోతుంది. ఒక బస్తా మీ వెనకే సీటు మీద అడ్డంగా వేసి, రెండోదాన్ని దానికి ఆనించి కట్టండి. పైసా ఖర్చు లేకుండా బండి తేలికవుతుంది.

నా మాట ఏమిటంటే కంపెనీ మోడల్ జత, అదే పొడవు, అదే రంధ్రం. హీరో హోండాకి వీటిని ముంజాల్ షోవా వాళ్ళు చేసేవారు. ఇప్పుడు హీరో డబ్బాలో వచ్చేదైనా, గాబ్రియెల్ లాంటి పేరున్న కంపెనీ ఇదే మోడల్‌కి చేసినదైనా పరవాలేదు. డబ్బా మీద మోడల్ పేరు చదివి, పాతదాన్ని పక్కన పెట్టి రంధ్రం నుంచి రంధ్రానికి కొలిచి తీసుకోండి.

ఓడలరేవు రోడ్డు

మీ పక్క ఊరోణ్ణే అండి, ఆయ్. మాష్టారు చెప్పిందానికి ఒక్కటి కలుపుతాను. స్ప్రింగు పైభాగం మీద గొట్టంలా మూత ఉన్నవే తీసుకోండి. ఇప్పుడు స్ప్రింగు మొత్తం కనపడేవి వస్తున్నాయి, చూడ్డానికి బావుంటాయి గానీ మనకి పనికిరావు. రాడ్డు ఉండేది పైన ఆ మూత లోపలే, చక్రం ఎగజిమ్మే ఉప్పు బురద దాని మీద పడకుండా అదే కాపాడుతుంది.

ఇంకోటండి, ఇది చాలామందికి తట్టదు. మన దగ్గర బండి దేంతో కడుగుతున్నాం? బోరు నీళ్ళతో. మన బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయి కదా. నేను నాలుగేళ్ళు రోజూ సాయంత్రం శ్రద్ధగా కడిగేవాణ్ణి, అయినా నా బండే వీధిలో అందరికన్నా ముందు తుప్పు పట్టింది, ఎందుకో అర్థమయ్యేది కాదు. ఒకరోజు కడిగి ఎండలో పెట్టి మర్చిపోయాను, వచ్చి చూస్తే నల్ల మడ్‌గార్డు మీద తెల్లగా పొడిలా పేరుకుని ఉంది, వేలు తడి చేసి అద్ది నాలిక మీద పెడితే ఉప్పు. అప్పట్నుంచి బోరు నీళ్ళు ఆపేసి పంచాయతీ కుళాయి నీళ్ళు ఒక్క బకెట్టు, అది కూడా షాకబ్జర్లకీ చైనుకీ యాక్సిల్‌కీ మాత్రమే పోస్తాను, పొడి గుడ్డతో తుడుస్తాను. ఒక్క బకెట్టు చాలండి. కాలవలు వదిలినప్పుడైతే కాలవ నీళ్ళే. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద రోజూ దాటే మా బావమరిది బండికి కూడా ఇలాగే చేయిస్తున్నాను, తేడా కనపడుతోంది.

తుడిచాక రాడ్డుకి కాస్త గ్రీజు రాస్తే ఇంకా మంచిది.

రావులపాలెం మెకానిక్

నీళ్ళ మాట నూటికి నూరుపాళ్ళు నిజం, మాకు ఇక్కడ తియ్యటి నీళ్ళు కాబట్టి నాకు అది తోచలేదు. కానీ రాడ్డుకి గ్రీజు మాత్రం వద్దండి. గ్రీజుకి ఇసుక అంటుకుంటుంది, ఆ ఇసుకని రాడ్డు పట్టుకెళ్ళి సీలుకి రుద్దుతుంది, గరుకు కాగితం పెట్టి తోమినట్టే. మాష్టారు చెప్పిన మెట్ల రింగుకి రాయండి, బోల్టులకి రాయండి, స్వింగ్ ఆర్మ్ బుష్‌కి నిండా పెట్టండి. రాడ్డు జోలికి వెళ్ళకండి.

తమ్ముడూ, బిగించేటప్పుడు రెండూ ఒకేసారి ఊడదీయకుండా ఒకటి విప్పి ఒకటి బిగించమను, రెండోది పట్టుకుని ఉంటే రంధ్రాలు వాటంతటవే కలుస్తాయి. నట్లు సగం బిగించి, స్టాండ్ తీసి బండి నేల మీద నిలబెట్టాక పూర్తిగా బిగించాలి. స్టాండ్ మీదే బిగించేస్తే రబ్బరు బుష్ మెలి తిరిగి ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది. తర్వాత సీటు మీద పది పదిహేను సార్లు నొక్కి వదులు, డబ్బాలో పడుకోబెట్టి ఉంచినవి కదా, లోపల చేరిన గాలి పైకి పోతుంది. మడ్‌గార్డు లోపల మెరుస్తున్న చోట కాస్త తెల్ల పెయింటు పూసి పెట్టుకో. మళ్ళీ రాసుకుంటే అదే చెబుతుంది.

అల్లవరం చెరువులు

మూడు వారాలైందండి, చెప్పి తీరాలని వచ్చాను.

కంపెనీ మోడల్ జతే తీసుకున్నాను, పైన మూత ఉన్నవి. షాపులో పాతదీ కొత్తదీ బల్ల మీద పక్కపక్కన పెట్టి పొడవు చూశాకే డబ్బులిచ్చాను. స్వింగ్ ఆర్మ్ బుష్‌లు మార్పించాను, బోల్టు రావడానికి మధ్యాన్నం మొత్తం పట్టింది, కిరసనాయిలు పోసి నానబెట్టి చివరికి వేడి చేసి తీశారు. 2.75 టైరు వేయించాను. లావు టైరు మా పిన్నిగారబ్బాయికి ఇచ్చాను, వాడి బండికి అదే సైజు.

పాత కుడి షాకబ్జరు విప్పాక మూత పైకి లేపి రాడ్డు చూశానండి. రావులపాలెం అన్నగారు చెప్పినట్టు గోరు పెట్టి గీకాను. ఒక పక్క అద్దంలా నున్నగా ఉంది, రెండో పక్క చక్రం వైపు, గుండుసూది తలంత చిల్లులు, వాటి చుట్టూ పూత పొరలా లేచిపోయి ఉంది. సీలు అంచు కూడా అదే వైపు చిరిగింది. సీలు మార్పిస్తే ఎందుకు నిలవదో కళ్ళారా చూశాను.

మళ్ళీ కొలిచాను. స్టాండ్ మీద 51.5, మెట్టు నాలుగు పెట్టి నేను కూర్చుంటే 49, మాష్టారు చెప్పినట్టు ఒక బస్తా సీటు మీద ఒకటి దాని వెనక ఆనించి కడితే 46.5. మూడో బస్తా మానేశాను, పొద్దున్న రెండు సాయంత్రం రెండు తీసుకెళ్తున్నాను, కాకపోతే ఓ లీటరులో పావు పెట్రోలు ఎక్కువ. చెరువు నుంచి వచ్చేటప్పుడు కుళాయి దగ్గర ఆగి ఒక బకెట్టు పోస్తున్నాను, ఓడలరేవు అన్నగారికి ప్రత్యేకంగా థాంక్సండి, మా బోరు నీళ్ళూ ఉప్పే, ఇన్నాళ్ళూ నేనూ వాటితోనే కడిగాను.

అమ్మని శుక్రవారం అమలాపురం తీసుకెళ్ళాను, రెండో మెట్టు మీద. వచ్చేటప్పుడు స్పీడు బ్రేకరు దగ్గర భుజం పట్టుకుంది గానీ దాటాక వెంటనే వదిలేసి మార్కెట్లో చేపల రేటు గురించి మొదలెట్టింది.

మడ్‌గార్డు లోపల తెల్ల పెయింటు పూశానండి అన్నగారూ. ఇందాక టార్చి వేసి చూశాను, బురద చుక్కలు పడ్డాయి, పెయింటు మీద ఒక్క గీత లేదు.